కారాగారములందు మానసిక రోగుల పరిచర్య

జ్వరము తగిలిన ఖైదీని గుర్తించుట వార్డరుకు కూడ కష్టము కాదు. ఒళ్ళు పట్టి చూచినచో తెలియును. థర్మామీటరు పెట్టినచో అంకెతో సహా తెలియును. మనస్సుకు వచ్చిన జబ్బు అట్లు తెలియదు. కారాగారములో అది వేరొక వేషముతో కనుపించును. వరుసలో నిలువుమన్నప్పుడు నిలువనివాడు, పేరు పిలిచినపుడు పలుకనివాడు, తెల్లవార్లు గోడతో మాటలాడువాడు, అన్నపు పళ్ళెమును విసరికొట్టినవాడు, వీరందరును జైలు దినచర్యలో మొదట మొండివారుగానో, నటించువారుగానో లెక్కకు వత్తురు. ఇంకొకడు కలడు. అతడు ఎవరి జోలికిని పోడు; చెప్పిన పని చేయును; తక్కిన వేళ బారకులో ఒక మూల ముడుచుకొని కూర్చుండును. అతనికి మంచి ఖైదీ అని పేరు. వీరిలో నిజముగా మొండివాడెవడు, రోగి ఎవడు, ఆ మంచి ఖైదీ మనస్సులో ఏమి జరుగుచున్నది అను ప్రశ్నలకు జవాబు వెదకుట ఒక ప్రత్యేకమైన వృత్తి. దానినే కారాగార మానసిక పరిచర్య అందురు. ఆ వృత్తిలోని నర్సుకు స్టెతస్కోపు కంటె కన్ను, చెవి, ఓపిక ముఖ్యమైన పనిముట్లు.

ఎందరు రోగులు?

కారాగారములలో మానసిక రోగులెందరుందురను విషయమై చాల దేశములలో పరిశీలనలు జరిగినవి. ఫాజెల్, సీవాల్డ్ అను ఇద్దరు పరిశోధకులు 24 దేశములలో 33,588 మంది ఖైదీలను గూర్చి జరిగిన పరిశీలనలను ఒకచోట చేర్చి 2012లో లెక్కలు ప్రకటించిరి. నిజమునకును భ్రమకును నడుమనుండు హద్దు చెరిగిపోవు తీవ్రరోగమును సైకోసిస్ అందురు. అది పురుష ఖైదీలలో నూటికి 3.6 మందికి, స్త్రీలలో 3.9 మందికి ఉన్నట్లు తేలినది. తీవ్రమైన మానసిక కుంగుబాటు పురుషులలో 10.2 శాతము, స్త్రీలలో 14.1 శాతము ఉన్నది. బయటి జనముతో పోల్చినచో ఇవి ఎంతో హెచ్చు.

మన దేశములో జరిగిన పెద్ద పరిశీలనలలో ఒకటి బెంగుళూరు కేంద్ర కారాగారమునకు సంబంధించినది. నిమ్‌హాన్స్ సంస్థవారు అచట 5,024 మంది ఖైదీలను పరీక్షించి 2011లో నివేదిక వెలువరించిరి. వారిలో 4,002 మందికి, అనగా నూటికి 79.6 మందికి, మానసిక రోగము గాని మత్తుపదార్థముల వాడుక గాని కనబడినది. మత్తుపదార్థముల సంగతి తీసివేసి చూచినను 1,389 మంది రోగులు మిగిలిరి. అది 27.6 శాతము. ఒక నగరపు జైలు లెక్కను దేశమంతటికిని పరచరాదు. ఐనను ఈ అంకెను మనస్సులో నుంచుకొని జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటేట ప్రకటించు గణాంకములను చూడవలెను. 2020 మొదలు 2022 వరకు ఏ యేటి లెక్క తీసినను, మానసిక రోగులుగా నమోదైన ఖైదీలు నూటికి ఇద్దరికి లోపలనే ఉన్నారు. 27 ఎక్కడ, రెండు ఎక్కడ! ఈ రెండు అంకెలలో ఏదియు అబద్ధము కాదు. మొదటిది వెదకినవారు కనుగొన్నది; రెండవది వెదకకయే కంటబడినది. వీటి నడుమ ఎవరి లెక్కలోను చేరక మిగిలిపోయినవారే కారాగార నర్సు వెదకి పట్టుకొనవలసిన రోగులు.

ఇంతమంది రోగులు జైళ్ళలో ఎందుకుందురు? కొందరు రోగముతోనే వత్తురు. చికిత్స లేక వీధులపాలైన మనిషి ఏదో తగవులో చిక్కి పట్టుబడును. కొందరికి జైలే రోగమును తెచ్చును. 2022 చివర మన జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారు. నూరుమందికి తగిన చోట సగటున 131 మంది ఉన్నారు. శిక్ష పడినవాడు దినములు లెక్కపెట్టుకొనగలడు. విచారణలో ఉన్నవానికి ఆ లెక్క కూడ లేదు.

గొలుసులు తీయించినవాడు

మానసిక పరిచర్య అను వృత్తి పుట్టినదే ఒక చెరసాల ఆవరణలో అనుట అతిశయోక్తి కాదు. పారిసు నగరపు శివారున బిసెత్ర్ అను పెద్ద సంస్థ యుండెను. 18వ శతాబ్దములో నేరస్థులు, దిక్కులేని వృద్ధులు, పిచ్చివారు అందరును ఆ ఒక్క ప్రాకారము లోపలనే యుండిరి. పిచ్చివారి విభాగమును చూచుకొనుచుండిన జాన్ బాప్తీస్త్ ప్యుసాన్ వైద్యుడు కాడు. అతడు తోళ్ళు ఊనువాడు. గండమాల వ్యాధితో అచటికి చికిత్సకు వచ్చి, నయమైన పిమ్మట అచటనే ఉద్యోగిగా నిలిచిపోయెను. రోగులను కొట్టరాదని సేవకులను కట్టడి చేసెను. ఒక్కొక్క రోగి నడవడిని గమనించి వ్రాసియుంచెను. 1793లో ఫిలిప్ పినెల్ అను వైద్యుడు బిసెత్ర్‌కు వచ్చి, ప్యుసాన్ పనిని చూచి నేర్చుకొనెను. పినెల్ వేరొక ఆసుపత్రికి వెళ్ళిన తరువాత, 1797లో, బిసెత్ర్ రోగుల గొలుసులు తీయించినది ప్యుసానే. ఆ కీర్తి మాత్రము చాలకాలము పినెల్‌కే దక్కినది. పినెల్ తానుగా ఆ ఋణమును దాచలేదు కాని, చిత్రకారులు చిత్రించినది వైద్యునే. ప్యుసాన్‌ను, అతని భార్య మార్గరీత్‌ను మొదటి మానసిక నర్సులుగా నేడు చాలమంది గుర్తింతురు.

అమెరికాలో డొరోతియా డిక్స్ అను ఉపాధ్యాయిని 1841 మార్చిలో మసాచుసెట్స్‌లోని ఈస్టు కేంబ్రిడ్జి జైలులో స్త్రీ ఖైదీలకు ఆదివారపు పాఠము చెప్పుటకు వెళ్ళి, అచట మతిచెడినవారిని చలికాలములో నిప్పులేని గదులలో ఉంచుట చూచెను. ఆ రాష్ట్రమందలి జైళ్ళన్నియు తిరిగి, చూచినదంతయు వ్రాసి, 1843లో శాసనసభకు విన్నపము పంపెను. ఆ విన్నపమువలన ఆసుపత్రులు పెరిగినవి. ఐనను జైలులోని రోగి సమస్య తీరలేదు. ఆసుపత్రి ఎంత పెద్దదైనను, జైలులోనివాడు రోగి అని ఎవరైన మొదట గుర్తించిననాడే గదా అతడు ఆసుపత్రికి చేరుట!

మొదటి దినము

కొత్త ఖైదీ ద్వారము దాటి వచ్చిన తొలి గంటలు వైద్యదృష్టితో చూచినచో మిక్కిలి ప్రమాదకరమైనవి. అతడు అంతకుముందే లాకప్పులో ఒక దినమైన గడపియుండును. నిద్ర లేదు. ఇంటివారికి కబురు చేరినదో లేదో తెలియదు. రోజు వేసికొను మాత్రల చీటీ ఇంటి గూటిలో ఉండిపోయినది. ద్వారమువద్ద పేరు, వయస్సు, పుట్టుమచ్చలు వ్రాసికొందురు, సొత్తు లెక్కపెట్టుదురు. ఆ సందడిలో నర్సుకు దొరకునవి పదియో పదిహేనో నిమిషములు.

ఆ కొద్ది నిమిషములలో అడుగవలసిన ప్రశ్నలు కొన్నియే. ఇంతకుముందు మానసిక వైద్యునికి చూపించుకొన్నారా? పల్లెలలో ఈ ప్రశ్నను నరాల డాక్టరు అను మాటతో అడిగిననే జవాబు వచ్చును. రోజు మాత్రలేవైన వేసికొందురా? తాగుడు ఉన్నదా, ఉన్నచో చివరిసారి ఎప్పుడు తాగినారు? ఎప్పుడైన ప్రాణము తీసికొన ప్రయత్నించినారా? ఇప్పుడు అట్టి తలపు వచ్చుచున్నదా? మనస్సులోని బాధను పుస్తకపు మాటలలో చెప్పువారు అరుదు. గుండె దడ అందురు, తల బరువు అందురు, ఒంట్లో సత్తువ లేదందురు, ఎవరో ఏదో చేసినారందురు. అవియే లక్షణములు. అడుగు తీరును లెక్కలోనిదే. పొద్దుటినుండి ఒరే అని పిలిపించుకొన్న మనిషిని “ఏమయ్యా, రాత్రి నిద్ర పట్టినదా?” అని పలుకరించుట సగము పరీక్ష.

చివరి ప్రశ్న అడుగుటకు కొత్త నర్సులు జంకుదురు. లేని తలపును తామే పుట్టింతుమేమోయని వారి భయము. ఆ భయము నిజము కాదని పరిశోధనలు తేల్చినవి. సూటిగా, నెమ్మదిగా అడిగినచో చాలమంది తేలికపడుదురు. 2022లో మన జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసికొనిరి. ఈ ప్రమాదము ప్రవేశించిన తొలి దినములలోను, కోర్టులో శిక్ష పడిన నాడును, ములాఖత్‌కు రావలసినవారు రాని నాడును, ఇంటినుండి చెడు కబురు వచ్చిన నాడును హెచ్చును. ఈ దినములను నర్సు క్యాలెండరుపై గుర్తువేసికొని, ఆ సాయంకాలము ఆ ఖైదీని తప్పక పలుకరింపవలెను. అతనిని ఒంటరి గదిలో కాక, నమ్మకమైన తోటివారి నడుమ ఉంచుట మేలు. వేల్సులోని స్వాన్సీ జైలులో 1991లో సమరిటన్స్ అను స్వచ్ఛంద సంస్థ కొందరు ఖైదీలకే తర్ఫీదు ఇచ్చి, బాధలో ఉన్న తోటి ఖైదీల మాట వినువారిగా తయారుచేసినది. ఆ పద్ధతి తరువాత బ్రిటనులోని ఇతర జైళ్ళకును వ్యాపించెను. రాత్రి రెండు గంటలకు ప్రక్కన ఉండగలవాడు నర్సు కాడు, మరియొక ఖైదీయే.

తాగుడును గూర్చిన ప్రశ్న మర్యాదకు అడుగునది కాదు. విడువక రోజు సారా తాగువానికి అది అందకపోయినచో 6 మొదలు 24 గంటలలో చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర పోవును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాల్గవ దినము లోపల కొందరికి సన్నిపాతము పుట్టును. లేని పురుగులు ఒంటిపై పాకినట్లు తోచును. ఎచట ఉన్నది తెలియదు. జ్వరము, నాడి వేగము హెచ్చును. చికిత్స లేనిచో ప్రాణము పోవచ్చును. అరెస్టయిన రాత్రి చివరిసారి తాగినవాడు సరిగా సన్నిపాతపు వేళకు జైలు బారకులో ఉండును. అతని కేకలు విని పిచ్చి పట్టినదనియో, అల్లరి చేయుచున్నాడనియో అనుకొందురు. మొదటి దినముననే ప్రశ్న అడిగియున్నచో డయజెపామ్ వంటి మందును ఇచ్చి క్రమముగా తగ్గించుచు, బి1 విటమినును ఇంజక్షనుగా ఇచ్చి, ఆ ఘట్టమును రానీయకుండ చేయవచ్చును.

తెలుగు దేశపు నర్సుకు ఇందు ఇంకొక చిక్కు కలదు. “కల్లు తప్ప ఏమియు ముట్టను” అని ఖైదీ చెప్పును. కల్లే గదా యని వ్రాసికొని ఊరకుండరాదు. తెలంగాణ జిల్లాలలో అమ్ముడుపోవు కల్తీ కల్లులో అల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలుపుట అందరును ఎరిగినదే. 2015లో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగినపుడు, మూర్ఛలతోను మతిభ్రమతోను జనము పెద్దసంఖ్యలో ఆసుపత్రులకు వచ్చిరి. ఊరంతటికి జరిగినదే జైలు ద్వారము దాటిన ఒక్క మనిషికిని జరుగును. కాకపోతే అతనికి తోడు ఎవరును ఉండరు. కల్లు ఏ ఊరిది, చెట్టు కల్లా దుకాణపు కల్లా, రోజుకు ఎన్ని సీసాలు అని అడిగి తెలిసికొన్న నర్సు ఒక ప్రాణమును కాపాడవచ్చును.

మాత్ర, తాళము

బయటి ఆసుపత్రిలో మాత్ర మందు మాత్రమే. జైలులో అది నాణెము కూడ. నిద్ర తెచ్చు మాత్రకు బీడీలు వచ్చును. కొందరు మాత్రను చెక్కిలిలో దాచి తెత్తురు. కొందరిని బలమైనవారు బెదరించి లాగుకొందురు. కొందరు ఒక్కటొక్కటిగా కూడబెట్టుదురు. ఈ మూడవదానికి నర్సు మిక్కిలి భయపడవలెను. అందుచేత మాత్రను ఎదుట మింగించి, నీరు త్రాగించి, నోరు తెరపించి చూచి, పిమ్మట రెండు మాటలు మాటలాడించుట ఆచారము. నాలుక క్రింద మాత్ర ఉన్నవాడు తేటగా మాటలాడలేడు. పైగా ఆ రెండు మాటలలోనే అతని ఆనాటి మనఃస్థితియు తెలియును. రోజు రోజు మింగుట సాగనివారికి రెండు మూడు వారములకొకసారి ఇచ్చు ఇంజక్షనులు కలవు. అవి ఖైదీ అంగీకారముతో ఇవ్వవలసినవే గాని, బారకు నిశ్శబ్దముగా ఉండవలెనని ఇచ్చునవి కావు.

ఇంకొక చిక్కు తాళముది. చాల జైళ్ళలో సంజవేళకే బారకులకు తాళము వేయుదురు. రాత్రి పదింటికి వేసికొనవలసిన మాత్ర అందుచేత సాయంకాలము అయిదింటికే చేతికి వచ్చును. రోగి ఆరింటికే మగతపడి, నడిరేయి మేలుకొని, తెల్లవార్లు జాగారము చేయును. అతనికి మందు పనిచేయలేదని మోతాదు పెంచుదురు. తప్పు మందుది కాదు, గడియారముది. దీనిని కనిపెట్టి వైద్యునికి చెప్పునది సామాన్యముగా నర్సే.

మందుల దుష్ఫలితములు కూడ జైలులో తప్పుగా అర్థమగును. సైకోసిస్‌కు ఇచ్చు కొన్ని మందులవలన కాళ్ళలో చెప్పరాని అలజడి పుట్టి, మనిషి ఒకచోట కూర్చుండలేక తిరుగుచుండును. వార్డరు కూర్చుండుమన్నను కూర్చుండడు. అది ధిక్కారము కాదు. ఇంజక్షను ఇచ్చిన కొన్ని గంటలకో, ఒకటి రెండు దినములకో మెడ ప్రక్కకు తిరిగిపోయి, కనుగ్రుడ్లు మీదికి పోవచ్చును. చూచువారికి దయ్యము పట్టినట్లుండును. విరుగుడు మందిచ్చినచో కొద్దిసేపటిలో సర్దుకొనును. వేసవిలో జాగ్రత్త మరింత కావలెను. ఈ మందులును, వాటి వణకుకు ఇచ్చు ట్రైహెక్సిఫెనిడిల్ అను విరుగుడును శరీరపు ఉష్ణమును సరిచేసికొను శక్తిని తగ్గించును. కిక్కిరిసిన బారకులో, రోహిణి కార్తె ఎండలలో, అట్టి రోగికి వడదెబ్బ ఇతరులకంటె ముందు తగులును.

లిథియము సంగతి ఇంకను సున్నితము. ఉన్మాదము, కుంగుబాటు మారిమారి వచ్చు రోగమునకు ఇది గొప్ప మందు. దీని గుణమును 1949లో ప్రకటించిన జాన్ కేడ్ అను ఆస్ట్రేలియా వైద్యుడు రెండవ ప్రపంచయుద్ధములో మూడేండ్లకు పైగా సింగపూరులోని చాంగీ శిబిరమున యుద్ధఖైదీగా ఉండి, అచట తోటి ఖైదీలలో మతిచెడినవారిని చూచుకొనినవాడు. రక్తములో లిథియము లీటరుకు 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వరకు ఉన్నపుడు మేలు చేయును, 1.5 దాటినచో విషమగును. చెమటతో నీరు, ఉప్పు పోయినచో మోతాదు మారకున్నను ఆ మట్టము పెరుగును. అప్పుడు రోగికి వాంతులు, విరేచనములు పట్టును, చేతులు గట్టిగా వణకును, మాట ముద్దగట్టును, తాగినవానివలె తూలును. జైలులో తూలుచున్న మనిషిని చూచినవారికి మొదట కలుగు అనుమానము వేరు! లిథియము వాడు రోగికి కుండెడు నీరు దగ్గర నుండునట్లు చూచుటయు, క్రమము తప్పక రక్తపరీక్ష చేయించుటయు నర్సు బాధ్యత.

ఇక నటన మాట. జైలులో రోగమును నటించువారు లేరని చెప్పుట అమాయకత్వము. ఆసుపత్రికి పోవలెనని, శిక్ష తప్పించుకొనవలెనని నటించువారు కలరు. ఐతే నర్సు తేల్చవలసినది రోగనిర్ణయము కాదు. అది వైద్యుని పని. నర్సు చూచినది చూచినట్లు వ్రాయవలెను. “రోగి ఉద్రేకముగా నుండెను” అని వ్రాసినచో ఎవరికిని ఉపయోగము లేదు. “రాత్రి 2 గంటలకు లేచి, కిటికీవైపు చూచి, వస్తున్నానని రెండుసార్లు అనెను, ఉదయము అన్నము సగము వదలెను, మూడు దినములుగా స్నానము చేయలేదు” అని వ్రాసినచో వైద్యునికి పది నిమిషముల సంభాషణలో దొరకనిది దొరకును. నటించువాడు చూచువారున్నపుడు హెచ్చుగా చేయును, నిద్రలో మరచును, కొన్ని దినములకు అలసిపోవును. నిజమైన రోగి తరచు తన రోగమును దాచుటకే ప్రయత్నించును. ఈ తేడాను పట్టించునది ఒక్క పరీక్ష కాదు, వారముల తరబడి వ్రాసిన చిన్న చిన్న పంక్తులు. ఇందులో వార్డరు సహాయము లేనిదే నర్సుకు గడవదు. నర్సు దినమునకు రెండుసార్లు వచ్చిపోవును. వార్డరు అచటనే ఉండును. ఏది చూచినపుడు కబురు చేయవలెనో వార్డరుకు నేర్పిన చోట సగము పని జరిగినట్లే.

వార్డరుతో స్నేహముగా నుండవలెను గాని, నర్సు తానే వార్డరు కారాదు. ఈ హద్దు ఒకప్పుడు ఎంత మసకగా నుండెనో తెలియుటకు ఒక ఉదాహరణ చాలును. 1955లో జెనీవాలో ఆమోదింపబడిన ఖైదీల కనీస నియమములలో, ఏకాంతవాసము గాని ఆహారపు కోత గాని విధించుటకు ముందు, ఖైదీ ఆ శిక్షను ఓర్చుకొనగలడని వైద్యాధికారి వ్రాసియివ్వవలెనని యుండెను. రక్షణకై పెట్టిన నియమమే వైద్యుని శిక్షలో భాగస్వామిని చేసినది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆ నియమములను సవరించి నెల్సన్ మండేలా పేరు పెట్టినపుడు దీనిని తొలగించెను. వైద్యసిబ్బందికి శిక్షలలో ఎట్టి పాత్రయు ఉండరాదనియు, ఐతే వేరుచేయబడిన ఖైదీని ప్రతిదినము చూడవలెననియు అందు కలదు. 15 దినములు మించిన ఏకాంతవాసము నిషిద్ధము. రోగము ముదురునట్లున్నచో మానసిక వైకల్యము గలవారికి ఏకాంతవాసమే విధింపరాదు. చికిత్సకు సంబంధించిన నిర్ణయమును వైద్యులు కాని జైలు సిబ్బంది త్రోసిపుచ్చరాదు. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము కూడ రోగిని ఏకాంతమున బంధించుటను నిషేధించినది; అప్పటికప్పుడు కలుగబోవు హానిని తప్పించుటకు వేరు దారి లేనపుడు మాత్రమే, వైద్యుని అనుమతితో, శరీరమును కట్టిపెట్టుటకు వీలు కల్పించినది.

మరచిపోబడినవారు

నేరము జరిగిన వేళ తాను చేయునది ఏమో తెలియనంతగా మతి చెడియున్నవాడు శిక్షార్హుడు కాడను సూత్రము మన శిక్షాస్మృతిలో 84వ సెక్షనుగా ఉండెను. 2024 జూలై మొదలు అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 22వది. విచారణ నాటికి మతి చెడియున్నవాని సంగతి వేరు. అతని విచారణ ఆపి, చికిత్సకు పంపుదురు. నయమైనచో విచారణ తిరిగి సాగవలెను. చూచుటకు ఇది న్యాయముగానే ఉన్నది. చిక్కంతయు నయమైనాడని కోర్టుకు ఎవరు చెప్పుదురను చోట ఉన్నది.

అప్పటి బీహారులోని హజారీబాగ్ కేంద్ర కారాగారములో అట్లు నిలిచిపోయిన ఖైదీల సంగతి 1982లో వీణా సేథీ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చెను. కొందరు నయమైన పిమ్మట కూడ, రెండు మూడు దశాబ్దములుగా, విడిపించువారు లేక లోపలనే ఉన్నారు. అస్సాములో 1951లో అరెస్టయి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపబడిన ఒక గిరిజనుని 1967లో వైద్యులు ఆరోగ్యవంతుడనిరి. అతనిని ఇంటికి పంపక, గౌహతి జైలుకు మార్చిరి. విచారణ జరుగలేదు. అతడు విడుదలైనది 2005లో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద! 54 ఏండ్లు గడచినవి. అతనిపై ద్వేషము గలవారెవరును లేరు. అతని కాగితమును ఒక బల్లనుండి మరియొక బల్లకు కదలించువారు లేకపోయిరి. ఏ నేరమును చేయని మానసిక రోగులను కాపాడుటకని జైళ్ళలో ఉంచు పద్ధతి కూడ కొన్ని రాష్ట్రములలో సాగెను. అది చట్టవిరుద్ధమని, రాజ్యాంగ విరుద్ధమని 1993 ఆగస్టులో షీలా బర్సే వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ కథలు తెలిసిన తరువాత 2017 చట్టములోని 103వ సెక్షను ఎందుకు అట్లు వ్రాయబడినదో బోధపడును. రోగియైన ఖైదీని జైలు వైద్యవిభాగములోని మానసిక వార్డుకు, అది లేనిచో బయటి మానసిక వైద్యసంస్థకు మార్చవలెను. జైలు వైద్యాధికారి మూడు నెలలకొకసారి, ఆ జైలులో మానసిక రోగులు లేరని ధ్రువపరచుచు, సంబంధించిన బోర్డుకు నివేదిక పంపవలెను. ప్రతి రాష్ట్రములోను కనీసము ఒక్క జైలు వైద్యవిభాగములోనైన మానసిక వైద్యసంస్థ నెలకొల్పవలెను. చట్టము చెప్పినంతమాత్రమున నర్సులు పుట్టుకరారు. బెంగుళూరు సంస్థలో మానసిక నర్సులకు ప్రత్యేక శిక్షణ 1950-60 నడుమనే మొదలైనను, అట్లు తర్ఫీదైనవారు మన జైళ్ళలో కనుపించుట నేటికిని అరుదు. ఉన్న సాధారణ నర్సు, ఫార్మసిస్టు, అప్పుడప్పుడు వచ్చు మానసిక వైద్యుడు ఈ భారమును మోయుచున్నారు. ఐతే మూడు నెలల నివేదికకు కావలసినది పెద్ద యంత్రము కాదు. ప్రతి రోగి పేరునకు ఎదుట అతని తరువాతి కోర్టు తేదీ, చివరిసారి వైద్యుడు చూచిన తేదీ, ఇంటినుండి చివరి ములాఖత్ తేదీ వ్రాసిన ఒక చిట్టా ఉన్నచో చాలును. ఏ గడిలో తేదీ పాతబడినదో ఆ మనిషి మరుగున పడుచున్నాడు.

స్త్రీల విభాగములలో రోగుల సంఖ్య తక్కువ, రోగపు పాలు ఎక్కువ. మన దేశములో ఆరేండ్ల లోపు పిల్లలు తల్లితో జైలులో ఉండవచ్చును. ప్రసవించిన తొలి నెలలలో తల్లికి వచ్చు కుంగుబాటు బిడ్డ పోషణలోనే మొదట బయటపడును. పాలు త్రాగని బిడ్డను చూడవచ్చిన నర్సు తల్లిని కూడ చూడవలెను.

విడుదలైన దినమున

జైలు ద్వారము బయట ఇంకొక ప్రమాదము కాచుకొని ఉండును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో విడుదలైన 30,237 మందిని గూర్చి 2007లో వెలువడిన పరిశోధనలో, విడుదలైన మొదటి రెండు వారములలో వారికి మరణప్రమాదము సాటి జనముకంటె 12.7 రెట్లు ఉన్నట్లు తేలినది. అచట ముఖ్యకారణము మత్తుమందుల అతిమోతాదు. జైలులో ఉండగా శరీరము పాత మోతాదును ఓర్చుకొను శక్తిని కోల్పోవును. బయటికి వచ్చినవాడు ఆ పాత మోతాదే తీసికొనును.

మన దేశములో చిక్కు ఇంకొక రూపమున వచ్చును. బెయిలు కాగితము సాయంకాలము చేరును. ఖైదీ సంతోషముతో ఆ సాయంకాలమే వెళ్ళిపోవును. వైద్యవిభాగమునకు సంగతి మరునాటి ఉదయము మందు ఇచ్చు వేళ తెలియును. మూడు నెలలుగా కుదుటపడిన రోగి మాత్రలు లేక ఇంటికి చేరి, కొద్ది వారములలో మరల తిరగబడి, మరల పట్టుబడి అదే ద్వారముగుండ లోనికి వచ్చుట జైలు నర్సులకు కొత్త కాదు. అందుచేత తెలివిగల నర్సు విడుదల వచ్చువరకు ఆగదు. చికిత్స మొదలైన వారమునందే ఒక కవరు సిద్ధము చేసి ద్వారమువద్ద ఉంచును. అందు రెండు వారముల మాత్రలు ఉండును. ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో ఇంటివారు చదువుకొనగల తెలుగులో వ్రాసిన చీటీ ఉండును. వైద్యునికి వేరుగా ఒక ఉత్తరము ఉండును. అందు రోగము, మందు, మోతాదు తప్ప కేసు మాట ఉండదు. 1996లో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నేడు చాల జిల్లాలకు వ్యాపించినది గనుక, ఆ ఊరికి దగ్గరనున్న ఆసుపత్రి పేరు, వైద్యుడు కూర్చుండు వారము ఆ చీటీలో వ్రాయవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ ఫోను సంఖ్య 14416 కూడ అందు చేర్చవలెను. తెలుగులో మాటలాడువారు ఆ ఫోనులో దొరకుదురు. కవరుపై మాత్రల గడువు తేదీ వేసి, నెలకొకసారి పాతవి తీసి కొత్తవి పెట్టుట మరువరాదు.